'ఇంకో ప్రోగ్రామ్' అంటే ఎవరు? పేరు చెప్పాల!

కంప్యూటర్ మనది. అందులో ఉండే ఫైలు మనది. పాత బిల్లు ఒకటి తీసేద్దామని డిలీట్ కొడితే "ఈ ఫైలు ఇంకో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది, మూసేసి మళ్లీ ప్రయత్నించండి" అని ఒక పెట్టె వస్తాది. ఏ ప్రోగ్రామ్? కంటికి కనపడేవన్నీ మూసేసే ఉంటాయి. దేన్ని మూయాలో చెప్పకుండా మూసేయమంటే ఎట్లా మూసేది?

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఉండే అంగళ్లు, ఆడిటర్ ఆఫీసులు, డీటీపీ సెంటర్లు, చిన్న స్కూళ్లు, వీళ్ల మెషీన్లే ఎక్కువగా నా చేతికొస్తాయి. పట్టుకుని వదలని ఫైళ్లు ఒక బాధ, ఆన్ చేసిన వెంటనే పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములు ఇంకో బాధ అని జనం అనుకుంటారు. నాకు రెండూ ఒకటే. మన మెషీన్‌లో ఎవరు ఏం చేస్తాండారో మనకు చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

ముందు స్టార్టప్ సంగతి, అంటే ఆన్ చేసిన వెంటనే వాటంతటవే లేచే ప్రోగ్రాముల సంగతి. మన ఊర్లో వాడే మెషీన్లు ఎట్లాంటివో చూడండి. చాలావరకు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ డబ్బాలు, 4 జీబీ ర్యామ్, తిరిగే పాత హార్డ్ డిస్కు. అంగడి తెరిచి, దీపం పెట్టి, కంప్యూటర్ ఆన్ చేస్తే బొమ్మ వస్తాది గానీ మౌస్ కదలదు. మెషీన్‌లో ఏం నడుస్తాందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు 100 శాతం పనిలో ఉంటాది. ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్‌కు సంబంధించిన ప్రోగ్రామ్ ఇంకా లేస్తానే ఉంటాది. కరోనా అప్పుడు పిల్లల ఆన్‌లైన్ క్లాసు కోసం వేసిన మీటింగ్ యాప్ లేస్తాది. గడువు తీరిపోయిన యాంటీవైరస్, ల్యాప్‌టాప్ కంపెనీ వాడి 'సహాయకుడు', పీడీఎఫ్ చదివే దాని అప్‌డేటర్, బ్రౌజర్ ఒకటి. ఇన్ని కలిసి ఆ పాత డిస్కు మీద పడితే అదేం చేస్తాది? మొదటి రసీదు ప్రింటు ఇవ్వడానికి కౌంటర్ ముందు మనుషులు నిలబడాల్సి వస్తాంది.

ఇవన్నీ లోపలికి ఎట్లా వచ్చినాయి అని అడుగుతారు. విండోస్ దాని సెట్టింగులన్నీ రాసుకునే పుస్తకం లాంటిది రిజిస్ట్రీ, అందులో 'రన్' అని ఒక చోటు ఉంది. అక్కడ పేరు రాసుకున్న ప్రోగ్రామ్ మనం లాగిన్ అయిన వెంటనే లేస్తాది. ఆ చోటు మెషీన్ మొత్తానికి ఒకటి, ఒక్కో యూజర్‌కు ఒకటి ఉంటాది. మెషీన్ మొత్తానికి రాయాలంటే అడ్మిన్ అనుమతి కావాల. యూజర్ దాంట్లో రాయడానికి అది కూడా అక్కర్లేదు. స్క్రీన్ మసకబారి 'అనుమతిస్తారా' అని అడిగే పెట్టె కూడా రాదు. ప్రోగ్రామ్ దాని పేరు అది రాసుకుని పోతాది, అంతే. మనిషి సంతకం లేకుండా రేషన్ కార్డులో పేరు ఎక్కించే వీల్లేదు గానీ, మన కంప్యూటర్‌లో ప్రతిరోజూ లేచే హక్కు మాత్రం మనల్ని అడక్కుండానే రాసేసుకోవచ్చు. దీన్ని మామూలే అని ఊరుకోవడం నాకు చేతకాదు.

విండోస్ 8 వచ్చినప్పుడు, 2012లో, టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ జాబితా పెట్టినారు. అంతకుముందు ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంకో పనిముట్టు తెరిచి చూసుకోవాల్సి వచ్చేది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తాది, అందులో స్టార్టప్ అనే దగ్గర పేర్లు ఉంటాయి. ఒకదాని మీద కుడి క్లిక్ కొట్టి డిసేబుల్ అంటే అది మళ్లీ ఆన్ చేసినప్పుడు లేవదు. ప్రోగ్రామ్ పోదు, ఫైళ్లు పోవు, కావాలంటే రేపు మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. ఇంత సులువైన పని చేయడానికి జనం భయపడతాండారు, ఏంటికంటే ఎవరూ వాళ్లకు చూపించలేదు. పక్కనే 'ఇంపాక్ట్' అని ఒక వరుస ఉంటాది. లేచేటప్పుడు 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్కు పని గానీ, ఒక సెకను కంటే ఎక్కువ ప్రాసెసర్ సమయం గానీ తీసుకుంటే దాన్ని 'హై' అని చూపిస్తాది. 3 ఎంబీ అంటే కొత్త ఎస్ఎస్‌డీకి లెక్కే కాదు. పాత డిస్కు మీద అట్లాంటివి పది ఒకేసారి పడితే అంగడివాడి పొద్దున పూట పోయినట్టే.

అయితే ఆ జాబితా కూడా పూర్తి జాబితా కాదు. ఫలానా టైముకు లేపమని టాస్క్ షెడ్యూలర్‌లో రాసుకుని దాక్కునేవి, సర్వీసుల రూపంలో కంటికి కనపడకుండా వెనకాల నడిచేవి అక్కడ కనపడవు. అన్నీ ఒకచోట చూడాలంటే ఆటోరన్స్ అనే ప్రోగ్రామ్ ఉంది. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అని ఇద్దరు రాసిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో అదొకటి. వాటిని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పటికీ వాళ్ల సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. అంటే ఈ పనిముట్టు విండోస్ తయారుచేసేవాళ్ల చేతిలోనే ఇన్నేళ్లుగా ఉంది. దాన్ని విండోస్‌తో పాటే, మామూలు మనిషికి అర్థమయ్యేట్టు ఎందుకు ఇవ్వరు? ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో 2022లో వచ్చిన వెంచురా అనే వెర్షన్ నుంచి, ఏదైనా యాప్ వెనకాల నడవడానికి పేరు రాసుకుంటే వెంటనే మూలన ఒక కబురు చూపిస్తాది. అదీ పద్ధతి. నేనైతే కబురు కూడా చాలదంటాను, ముందు అడగాల, ఒప్పుకుంటేనే రాసుకోవాల.

ఇప్పుడు ఫైళ్ల సంగతికి వస్తా.

ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడితే ఆడిటర్ ఆఫీసుల నుంచి నాకు ఫోన్లు మొదలు. జీఎస్‌టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్న్ వేయాల్సిన గడువు అది. నాలుగైదు మెషీన్లు, ఒక షేర్ ఫోల్డర్, అందులో ఎక్సెల్ ఫైలు. "అన్నా, ఫైలు తెరుస్తాంటే ఎవురో వాడుతాండారు అంటాది, అందర్నీ అడిగినాం, ఎవురూ తెరవలేదంట" అని అక్కడ పనిచేసే అమ్మాయి కంగారుగా చెప్తాది. స్క్రీన్ మీద పేరు కూడా వస్తాది, 'యూజర్' అని. ఆఫీసులో అన్ని మెషీన్లకూ ఆ పేరే పెట్టి ఉంటాది! ఎక్సెల్ చూపించేది ఆఫీస్ సెట్టింగులో రాసి ఉన్న పేరును. అసెంబుల్ చేసి ఇచ్చినోడు 'యూజర్' అని పెట్టి పోయినాడు, దాన్ని ఎవరూ మార్చలేదు. దయచేసి ఒక్క పని చేయండి. ఎక్సెల్ ఆప్షన్స్‌లో, జనరల్ అనే దగ్గర, ఒక్కో మెషీన్‌లో కూర్చునే మనిషి పేరు రాయండి. రెండోసారి ఇట్లా వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తాది.

ఇంకో కారణం కరెంటు. వర్డ్ గానీ ఎక్సెల్ గానీ ఒక ఫైలు తెరిస్తే, అదే ఫోల్డర్‌లో ముందు ఒక అలల గీత, తర్వాత డాలర్ గుర్తు ఉండే చిన్న ఫైలు ఇంకొకటి తయారవుతాది, దాచిన ఫైలుగా. 'దీన్ని ఫలానా వాళ్లు వాడుతున్నారు' అని చెప్పడానికే అది. పని అయిపోయి మూస్తే అదీ పోతాది. మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే, ఆ చిన్న ఫైలు అక్కడే ఉండిపోతాది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసి, తర్వాత బస్సే ఎక్కకుండా పోయిన మనిషి లాంటిది అది. అన్ని మెషీన్లలోనూ వర్డ్, ఎక్సెల్ మూసేసినాక, హిడెన్ ఫైళ్లు కనపడేట్టు పెట్టి, ఆ చిన్నదాన్ని తీసేస్తే సరిపోతాది. లిబ్రే ఆఫీస్ వాడేవాళ్లకూ ఇట్లాంటిదే, దాని పేరులో 'లాక్' అని ఉంటాది. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

ఒకరు వాడే ఫైలును ఇంకొకరు ముట్టుకోకుండా తాళం వేయడమే తప్పని నేననను. ఇద్దరు ఒకే ఫైలులో ఒకేసారి రాస్తే లెక్కలు పాడైపోతాయి. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైలు తెరిచేటప్పుడే 'వేరేవాళ్లు చదవొచ్చా, రాయొచ్చా, తీసేయొచ్చా' అని చెప్పాల. ఏమీ చెప్పకపోతే ఇంకెవరికీ వీల్లేదు అని అర్థం. లినక్స్‌లో మామూలుగా తెరిచి ఉన్న ఫైలును కూడా తీసేయొచ్చు, పేరు పోతాది, వాడుతున్న ప్రోగ్రామ్ మూసేదాకా లోపలి సరుకు డిస్కులో ఉంటాది. ఏ పద్ధతి మేలు అని వాదించడానికి నేను రాయడంలేదు. తాళం వేసినోడి పేరు చెప్పమంటున్నా.

ఏంటికంటే విండోస్‌కు ఆ పేరు తెలుసు. ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. పెండ్లి పత్రికల సీజన్‌లో డీటీపీ సెంటర్‌కు పొండి. పత్రిక పేజీలు కట్టే పేజ్‌మేకర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనే తెరిచి పనిచేసి ఉంటారు. పెన్‌డ్రైవ్ తీయబోతే 'ఈ పరికరం వాడకంలో ఉంది' అంటాది, ఎవరు వాడుతున్నారో చెప్పదు. పిల్లోని నాయన బయట బండి స్టార్ట్ చేసి ఉంటాడు, ప్రెస్సుకు పోవాల. వీళ్లు విసుగొచ్చి పీకేస్తారు, ఫైలు పాడవుతాది, ముహూర్తం పేజీ మళ్లీ మొదటి నుంచి కొట్టాల. అదే మెషీన్‌లో, జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే దగ్గర చూడండి. కెర్నల్-పీఎన్‌పీ పేరు మీద 225 నంబరుతో ఒక వరుస ఉంటాది. ఫలానా ప్రోగ్రామ్, ఫలానా ప్రాసెస్ నంబరు, పెన్‌డ్రైవ్ తీయనీకుండా ఆపింది అని దాంట్లో స్పష్టంగా రాసి ఉంటాది! పేరు తెలుసు, పుస్తకంలో రాసుకున్నారు, నిలబడి అడిగే మనిషికి మాత్రం చెప్పలేదు. ఇది చూసిన రోజు నుంచి నాకు ఆ పెట్టె కనపడితే ఒళ్లు మండుతాది.

ఇంకా ఉంది. ఏ ఫైలును ఎవరు పట్టుకున్నారో ప్రోగ్రాములు అడిగి తెలుసుకునే ఏర్పాటు, రీస్టార్ట్ మేనేజర్ అని, 2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా నుంచే ఉంది. వర్డ్ లాంటివి పట్టుకుంటే ఆ డిలీట్ పెట్టె ఒక్కోసారి పేరు చూపిస్తాది కూడా. చాలాసార్లు మాత్రం 'ఇంకో ప్రోగ్రామ్' అని తప్పించుకుంటాది. రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో, అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే గడిలో ఫైలు పేరు కొడితే పట్టుకున్నది ఎవరో వస్తాది, ఇది విండోస్‌లోనే ఉంటాది, ఏమీ దించుకోనక్కర్లేదు. 2022లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల పనిముట్ల మూటలో ఫైల్ లాక్‌స్మిత్ వచ్చింది, ఫైలు మీద కుడి క్లిక్ కొడితే చాలు, పేరు చెప్తాది. అది విడిగా వేసుకుంటేనే వస్తాది. అందరికీ కావాల్సిన దాన్ని తెలిసినోళ్లకు మాత్రమే దొరికేట్టు పెట్టడం ఏం న్యాయం?

దీనికోసం నెట్‌లో దొరికే ప్రతి 'అన్‌లాక్' ప్రోగ్రామ్‌నూ దించుకోవద్దు. అట్లాంటివి బ్రౌజర్‌కు టూల్‌బార్ తగిలించి, స్టార్టప్‌లో వాటి పేరూ రాసుకున్న మెషీన్లు నేను చూసినా. బలవంతంగా తాళం తెంచితే, లోపల రాస్తున్న ప్రోగ్రామ్ సగంలో ఆగి ఫైలే చెడిపోవచ్చు. ముందు పేరు కనుక్కోండి, ఆ ప్రోగ్రామ్‌ను మామూలుగా మూయండి. ఫోల్డర్‌లో ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే ఒక్కోసారి ఫైలును పట్టుకున్నది అదే అయి ఉంటాది, దాన్నీ మూసి చూడండి. ఏదీ కాకపోతే రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టినారు, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ లోపలి భాగం, డ్రైవర్లు డిస్కులో దాచిపెట్టి మళ్లీ అట్లనే లేపుతాది. రీస్టార్ట్‌లోనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

నా తోటి పనివాళ్ల మీద కూడా ఒక మాట ఉంది, కోపం చేసుకున్నా సరే చెప్తా. మెషీన్ స్లో అయితే ఫార్మాట్, ఫైలు డిలీట్ కాకపోతే ఫార్మాట్. ఐదారు వందలు తీసుకుని, సీ డ్రైవ్ తుడిచేసి, మళ్లీ విండోస్ వేసి ఇచ్చేస్తాండారు. చాలామంది ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారు, డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనే. స్కూలు మార్కుల పట్టికలు, ఇంట్లో పోయిన పెద్దాయన ఫోటోలు, మిల్లు లెక్కలు అట్లా పోయినవి నాకు తెలుసు. ఆ మనిషి డబ్బులిచ్చి మరీ పోగొట్టుకున్నాడు. టాస్క్ మేనేజర్‌లో కొన్ని పేర్లు ఆపితే తీరిపోయే పనికి ఇంత చేస్తామా? ఫార్మాట్ తప్పని రోజులుంటాయి, కాదనను. అది చివరికి చేయాల్సిన పని. ముందు కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, జాబితా చూపించి, ఏది ఎందుకు లేస్తాందో చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఆపాల.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాల, ఎనిమిదో తరం ఇంటెల్ లాంటి ప్రాసెసర్ కావాల అంటాండారు కాబట్టి, మన పాత డబ్బాల్లో చాలావాటికి ఆ దారి లేదు. అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొంటాండారు. డబ్బా విప్పి ఆన్ చేసిన మొదటి రోజే అందులో ట్రయల్ యాంటీవైరస్, కంపెనీ వాళ్ల సహాయకులు, ఆటల ప్రకటనలు లేచి కూర్చుంటాండాయి. యాభై వేలు పోసి కొన్నోడికి ఖాళీ మెషీన్ దొరకాల. అది అడగడం తప్పెట్లా అవుతాది?

ఆపేటప్పుడు వీటిని మాత్రం వదిలేయండి: మీరు నిజంగా వాడే యాంటీవైరస్, టచ్‌ప్యాడ్‌వి, ఆడియోవి. డీటీపీ వాళ్లయితే అను లాంటి తెలుగు టైపింగ్‌వి. ఫైళ్లు క్లౌడ్‌లోకి పోయేట్టు పెట్టుకున్నవాళ్లు దాన్నీ ఆపొద్దు, బ్యాకప్ ఆగిపోతాది. పేరు తెలియనిది కనపడితే కుడి క్లిక్ కొట్టి 'సెర్చ్ ఆన్‌లైన్' చూసి, తెలుసుకున్నాకే ఆపండి. అర్థం కాకపోతే ఆ జాబితాను ఫోన్‌తో ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, రాత్రి అంగడి కట్టేసినాక ఒక్కొక్కటీ చూసి ఏది ఆపొచ్చో చెప్తా. దీనికి డబ్బులేమీ వద్దు.