దరఖాస్తులోని ‘లింగం’ గడికి ‘పేరు’ గడి రాసుకున్న లేఖ

లింగం గడి గారికి,

ఒకే ఫారంలో మీ పై వరసలో ఉండే ‘పేరు’ గడిని. దేవుడు ఆడా మగా అని తేల్చడానికి దేవుడి పేర కూడా ఒక ఫారం వచ్చాక నా అవస్థ చెప్పనలవి కాదు. విష్ణువుకు వెయ్యి నామాలు, లలితకు మరో వెయ్యి, నాకున్నది రెండంగుళాల చోటు. అయినా ఇరికించి రాస్తున్నారు. మీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి కలమూ ఆగిపోతోంది.

ఆగదా మరి? మీరు నిండాలంటే ఒళ్లు కావాలి. క్రోమోజోములో, బీజకణాలో, కనీసం ఒక పుట్టుక. ఖురాన్ 112వ సూరా (అధ్యాయం) చూస్తే అల్లా ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. సిక్కుల మూలమంత్రంలోనూ దేవుడికి జన్మ లేదు. పుట్టిన తేదీయే ఖాళీగా ఉన్నచోట మీకు టిక్కెలా పడుతుంది?

శ్వేతాశ్వతరోపనిషత్తు ఇంకా ఘనం. నాలుగో అధ్యాయంలో దేవుడితో స్త్రీవి నువ్వే, పురుషుడివీ నువ్వే అని మీ గడులన్నిటికీ టిక్కు పెడుతుంది. ఐదో అధ్యాయానికొచ్చి ఒంట్లో ఉండే ఆత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకమూ కాదని అన్నీ చెరిపేస్తుంది. ఏ గుమాస్తా అయినా ఆ కాగితం తిప్పి పంపేస్తాడు. పోతన గారి గజేంద్రుణ్ని చూడండి, మొసలి కాలు పట్టి లాగుతున్నా మీ మూడు ఆప్షన్లూ వరసగా కొట్టేశాకే సాయం అడిగాడు. ప్రాణం మీదికొచ్చినా ఫారం తప్పు నింపలేదు!

అలాగని మీకు పనే లేదనను. రూపం ఉన్నచోట మీరు ఉండాల్సిందే. దుర్గ స్త్రీ, రాముడు పురుషుడు, తగాదా లేదు. అర్ధనారీశ్వరుడికి మామూలుగా కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. గీత నిలువుగా గీసుకోండి. జైనులు కొలిచే గురువులైన తీర్థంకరుల్లో 19వ వారు మల్లి, అక్కడ మాత్రం జాగ్రత్త. జైనుల్లో రెండు శాఖలు: స్త్రీ అని శ్వేతాంబరులు, కాదు పురుషుడేనని దిగంబరులు. స్త్రీ జన్మలో మోక్షం లేదన్నది దిగంబరుల మాట కాబట్టి, అక్కడ మీ టిక్కు మారితే సిద్ధాంతమే కూలుతుంది.

నాకు నవ్వొచ్చేది మరోచోట. కతోలిక చర్చి తన బోధనలన్నీ కూర్చిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 239వ పేరాలో దేవుడు పురుషుడూ కాదు, స్త్రీ కాదు. అదే గ్రంథం 1577వ పేరాలో గురుపట్టం (ఫాదర్ పదవి) మాత్రం జ్ఞానస్నానం పొందిన పురుషుడికే. యేసు పన్నెండుమంది మగవాళ్లనే ఎంచుకున్నాడు కదా అన్నది వాళ్లు చెప్పే కారణం. దేవుడు మగవాడని కాదు. సరే, ఒప్పుకుందాం. యజమాని ఫారంలో మీరు ఖాళీ, కొలువు ఫారంలో మాత్రం ఎర్ర చుక్కతో తప్పనిసరి!

ఈసారి ఎవరైనా దేవుడు ఆడా మగా అంటే మూడడగండి. ఏ దేవుడు? రూపం ఉన్నవాడా, లేనివాడా? జవాబు దొరికితే దాంతో ఎవరిని గుమ్మం బయట నిలబెడతారు? మొదటి రెండూ టకటకా చెప్పేస్తారు. మూడోదానికి నీళ్లు నములుతారు.

ఇట్లు,
మీ పై వరస