అటాచ్‌మెంట్ స్టైల్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ అటాచ్‌మెంట్ స్టైల్ గారికి,

దగ్గరివాళ్లతో మనిషి మనసు ముడిపడే తీరుకి పెట్టిన పేరు మీరేనట. మాదాపూర్ కాఫీ షాపుల్లో మీ పలుకుబడి చూసి ముచ్చటేసి రాస్తున్నాను. ఒకప్పుడు సంబంధం చెడితే కుజదోషం మీదికి నెట్టేవాళ్లు. ఇప్పుడా డ్యూటీ మీది. "వాడు అవాయిడెంట్ అక్కా, నేను యాంగ్షస్. ఇంకెలా కుదురుతుంది?" అని మా హాస్టల్ పిల్ల తేల్చేసింది. అంటే దగ్గరైతే దూరం జరిగేవాడు వాడు, వదిలేస్తాడేమోనని బెంగపడేది తను. కుజదోషానికైతే శాంతి చేయించుకోవచ్చు. మీ దగ్గర ఆ వెసులుబాటూ లేదాయె.

మీ పుట్టుపూర్వోత్తరాలు మంచివే, కాదనను. తల్లికి దూరమైన పిల్లల బెంగను మనోవైద్యుడు జాన్ బౌల్బీ పట్టించుకున్నాడు. మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లల్ని బొమ్మలున్న గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి చూసింది. తల్లి వెళ్తే ఏడవడం సరే, తిరిగొచ్చాక బిడ్డ ఏం చేస్తుందన్నదే ఆవిడకు ముఖ్యం. 1987లో హేజన్, షేవర్ అనే మనస్తత్వవేత్తలు ఇదే లెక్కను పెద్దవాళ్ల ప్రేమలకు పట్టించి, మూడు చిన్న పేరాలు రాసి, ఇందులో మీరెవరని జనాన్ని అడిగారు. అక్కణ్ణుంచి మీ దశ తిరిగింది.

మా పిల్లనే చూడండి. రాత్రి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఫోన్ బోర్లా పెట్టింది, తిప్పింది, మళ్లీ బోర్లా పెట్టింది. చివరికి "సారీ, ఇప్పుడే ఇంటికొచ్చా. తిన్నావా?" అని వచ్చింది. రావాల్సిన మనిషి వచ్చాడు కదా! ఈమె "ఊఁ" అని కొట్టి డేటా ఆపేసింది. ఎయిన్స్‌వర్త్ పక్కనుంటే నోట్సు రాసుకునేది. ఈమె మాత్రం హాస్టల్ వైఫైలో వాడి లక్షణాలు వెతుకుతోంది.

తలపు పుట్టగానే "ఇది ఎవరికి?" అని అడగమన్నారు రమణ మహర్షి. "నాకు" అంటే, "ఆ నేనెవరు?" అని మళ్లీ లోపలికి పొమ్మన్నారు. ప్రేమ గొడవల కోసం చెప్పిన మాట కాదనుకోండి. అయినా ఆ "ఊఁ"కి ముందు "ఈ భయం ఎవరికి?" అనుకుంటే వేలు కాస్త తటపటాయించేది. మీరు ఆ సందు ఇవ్వరే! "నేనెవరు?" అనడం ఆలస్యం, "యాంగ్షస్" అని చేతిలో పెట్టేస్తారు. పైగా షేర్ బటన్ కూడా.

మొన్న పౌర్ణమికి అరుణాచలం బస్సెక్కాం. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లూ ఆ పిల్ల వాడి గురించే చెప్పింది. పక్కన నడిచింది నేనైనా, ఆమె వెంట వచ్చింది మీరే.

అందుకని వచ్చే పౌర్ణమికి తమరు హైదరాబాద్‌లోనే ఉండిపోండి. ఈసారి రెండే సీట్లు బుక్ చేశాను.

ఇట్లు,
మూడు పేరాలకూ టిక్కు పెట్టిన అక్క