తీసేసి స్క్రీన్‌షాట్ పెట్టండి మేడం

మా అమ్మకి 67 ఏళ్లు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సైన్స్ చెప్పి రిటైరైంది. ఈరోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఉండగా ఆవిడకి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, నాకింకా కోపం దిగలేదు, అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి.

జరిగింది ఇంతే. మూడు రోజులుగా మా అమ్మ వాళ్ల వార్డులో కుళాయి నీళ్లు మట్టి రంగులో, మురుగు వాసనతో వస్తున్నాయి. అమ్మ గాజు గ్లాసులో పట్టి, కిటికీ వెలుతురులో పెట్టి నలభై సెకన్ల వీడియో తీసింది. ఎవర్నీ తిట్టలేదు. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. "మూడు రోజుల్నుంచి నీళ్లు ఇలా వస్తున్నాయి, ఆఫీసులో చెప్పాం, ఇంకా ఎవరూ రాలేదు, పిల్లలున్న ఇళ్లలో కాచి వడకట్టి ఇవ్వండి" అంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అక్కణ్ణుంచి ఎవరో ఇంకో గ్రూపులోకి, అందులోంచి ఇంకెవరో ఫేస్‌బుక్‌లోకి.

ఫోన్ చేసినాయన మర్యాదగానే మాట్లాడాడట. "మేడం, మీ వీడియో వల్ల జనం భయపడుతున్నారు, సార్ తీసేయమన్నారు" అన్నాడు. "జనం భయపడేది నీళ్లు చూసి బాబూ" అంది అమ్మ. "అవన్నీ నాకు తెలీదమ్మా, మీరు తీసేసి నాకు స్క్రీన్‌షాట్ పెట్టండి, లేకపోతే స్టేషన్‌కి రావాల్సి ఉంటుంది."

స్క్రీన్‌షాట్! వేలమంది పిల్లల నోట్సులు దిద్దిన మనిషి, చెప్పిన పని చేశానని రుజువు పంపాలి. పంపింది కూడా. తర్వాత నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "నేనేమన్నా తప్పు చేశానంటావా అమ్మాయ్?" నాకు నోట మాట రాలేదు. అరగంటలో గ్రూపు సెట్టింగ్ మారిపోయింది, ఇక అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టడానికి లేదు. ఆయన్ని నేనేమీ అనను, ఆయనకీ ఫోన్ వచ్చే ఉంటుంది.

నేను అడిగేది ఒక్కటే. ఏ సెక్షన్ కింద? ఎవరి ఆర్డరు? నంబరేది, తేదీ ఏది, కింద సంతకం ఎవరిది? ఆ ఫోన్ కాల్‌కి కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి కోర్టుకి వెళ్లాలన్నా, పై అధికారికి ఫిర్యాదు చేయాలన్నా చూపించడానికి ఏమీ లేదు, రేపు "మేం అలా చెప్పనేలేదు" అంటే ఎదురు చెప్పడానికి కూడా లేదు. ఇప్పుడు సెన్సార్ అంటే ఇదే. నోటిమాట మీద నోరు మూయిస్తారు.

పైగా చట్టం ఎటువైపు ఉందో చూడండి. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆన్‌లైన్లో ఎవరికైనా చికాకు కలిగించే మాట రాస్తే జైలుకి పంపగల సెక్షన్ అది. కొట్టేసిన ఆరేళ్లకి, 2021లో, ఇంకా ఆ సెక్షన్ కిందే పోలీసులు కేసులు రాస్తున్నారని తెలిసి సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. చచ్చిపోయిన సెక్షన్ కింద బతికున్న మనుషుల మీద కేసులు! అలాంటి చోట మా అమ్మకి ఏ సెక్షనూ చెప్పకుండా ఫోన్ రావడంలో ఆశ్చర్యం ఏముంది?

అమ్మ గొంతు వింటుంటే నాకు గుంటూరు పెద్దావిడ గుర్తొచ్చింది. మీకు గుర్తుందో లేదో. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి గ్యాస్ లీకై తెల్లారేసరికి జనం రోడ్ల మీద పడిపోయారు. ఆ ప్రమాదం మీద ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పంచుకున్నందుకు, గుంటూరులో అరవై దాటిన ఒక ఆవిడ మీద సీఐడీ కేసు పెట్టి నోటీసు ఇచ్చింది. సీఐడీ! ఫ్యాక్టరీ ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం ఎందుకు వేడెక్కింది, సైరన్ ఎందుకు మోగలేదు అని అడగాల్సిన రోజుల్లో, ఆ ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారా అని వెతికారు. అప్పుడు ఆ వార్త చదివి అయ్యో అనుకుని నా పని నేను చూసుకున్నాను. ఈరోజు మా ఇంటికి వచ్చేసరికి తెలిసింది ఆవిడ ఇంట్లో వాళ్లకి ఎలా ఉండి ఉంటుందో.

చిన్న ఊళ్లో చిన్న పోలీసు అత్యుత్సాహం, దీన్ని దేశానికి ముడిపెట్టకు అని ఒక స్నేహితురాలు సాయంత్రం మెసేజ్ పెట్టింది. ఎందుకు పెట్టకూడదు? ఢిల్లీలో జరిగేదీ ఇదే కదా. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వెబ్‌సైట్‌ని ఆపే ఆర్డరు ఇస్తారు, 2009లో రాసిన రూల్సులో 16వ రూలు ప్రకారం ఆ ఆర్డరు రహస్యం. మనకి కనిపించేది "భారతదేశంలో అందుబాటులో లేదు" అనే ముక్క మాత్రమే. 2025 మే 9న, పాకిస్తాన్‌తో కాల్పులు జరుగుతున్న రోజుల్లో, ద వైర్ అనే వార్తల వెబ్‌సైట్ దేశంలో చాలామందికి తెరుచుకోలేదు. సరిగ్గా అప్పుడే నమ్మకమైన వార్త కావాలి. టీవీ పెడితే కరాచీ ఓడరేవు ధ్వంసమైందని అరుపులు, అది అబద్ధమని తర్వాత తేలింది. అంత భయం పుట్టించిన ఛానెళ్ల వాళ్లకి "తీసేసి స్క్రీన్‌షాట్ పెట్టండి" అని ఎవరైనా ఫోన్ చేశారా?

మలయాళం ఛానెల్ మీడియావన్ సంగతి ఇంకా ఘోరం. 2022 జనవరి 31న ప్రసారం ఆపించారు. ఎందుకయ్యా అంటే దేశ భద్రత అన్నారు. భద్రతకి మేం చేసిన హాని ఏమిటి అంటే చెప్పలేదు, ఆ కారణాన్ని సీల్డ్ కవర్లో పెట్టి హైకోర్టు జడ్జీలకి చూపించారు. నేరం మోపబడిన వాడికి నేరం ఏమిటో తెలియదు! 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి, ఊరికే దేశ భద్రత అని గాల్లో మాట అంటే కుదరదని చెప్పింది. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఇంటర్నెట్ ఆపితే, కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ కోర్టుకి వెళ్లారు. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, ఇలాంటి ఆదేశాలని జనానికి తెలిసేలా ప్రచురించాల్సిందే అంది. ఆ తర్వాత కూడా అక్కడ 4జీ పూర్తిగా రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. రెండు తీర్పులూ చెప్పింది కాగితం చూపించమనే. మా అమ్మ ఫోన్ దాకా ఆ తీర్పులు ఎందుకు రాలేదు?

1908లో బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుని తెల్లదొరలు జైల్లో వేశారు. తిరునల్వేలిలో జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల గురించి రాసినందుకు. అది అన్యాయమే. కానీ ఆ అన్యాయం కోర్టులో జరిగింది, ఏ వ్యాసం, ఏ సెక్షన్, ఎన్నేళ్లు అన్నది రికార్డులో ఉంది, అందుకే నూరేళ్లు దాటాక కూడా మనం పేరు పెట్టి చెప్పుకోగలుగుతున్నాం. ఎమర్జెన్సీ కూడా అంతే. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికలు అచ్చయ్యే బహదూర్ షా జఫర్ మార్గ్‌లో కరెంటు తీసేశారు, మర్నాడు సెన్సార్ వచ్చింది, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం జాగాని ఖాళీగా వదిలి అచ్చేసింది. ఆ తెల్ల కాగితం చూసి చదువురాని వాడికి కూడా అర్థమైంది ఇక్కడేదో కొట్టేశారని. తర్వాత ఖాళీ వదలడమూ కుదరదన్నారు, ఖాళీకి ఉన్న బలం వాళ్లకీ తెలుసు. ఇప్పుడు ఆ ఖాళీ కూడా కనపడదు. మా కాలనీ గ్రూపులో అమ్మ వీడియో ఉన్న చోట "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఉంది, తనే ఇష్టపడి తీసేసుకున్నట్టు.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి మాట్లాడదాం, ఎందుకంటే దీని మీద నాకు చాలా ఏళ్ల కోపం ఉంది. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్లో ఆగిపోయాయి. నెలల తరబడి. ప్రభుత్వం మాకేం సంబంధం, ఆపింది కేబుల్ వాళ్లు అంది. 2016లో ఆంధ్రలో కాపు ఉద్యమం జరుగుతుంటే సాక్షి ఆగిపోయింది. 2019లో ప్రభుత్వం మారింది, ఏబీఎన్, టీవీ5 ఆగిపోయాయి. 2024 జూన్‌లో మళ్లీ మారింది, సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ కనపడటం మానేశాయి. ఒక్కసారైనా ఎవరైనా కాగితం మీద ఆర్డరు ఇచ్చారా? కేబుల్ ఆపరేటర్‌కి ఏదో ఫోన్ వస్తుంది, ఆయన స్విచ్ తీసేస్తాడు, మనం రిమోట్ నొక్కుతూ కూర్చుంటాం. కాగితం మీద పెట్టిన ఘనత కూడా ఉంది, ఆంధ్రలో 2019 అక్టోబరు 30 నాటి 2430 జీవో. వార్త నచ్చకపోతే పత్రికల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకి ఇచ్చింది. 2007లోనూ ఇలాంటి జీవోనే వచ్చి, పాత్రికేయులు రోడ్డెక్కితే పక్కన పెట్టారు.

2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టుల్ని తెల్లవారుజామున ఇంటికెళ్లి పట్టుకుపోయారు, ముఖ్యమంత్రిని తిట్టిన ఒక వ్యక్తి వీడియో ప్రసారం చేశారని. అదే ఏడాది జూన్‌లో సాక్షి టీవీలో చర్చ నడిపిన యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావుని అరెస్టు చేశారు. ఆ చర్చలో అమరావతి ఆడవాళ్ల మీద వచ్చిన మాట నీచమైనది, నేను ఆడదాన్ని, నాకు అసహ్యం వేసింది. అయినా ఆ మాట అన్నది చర్చకి వచ్చిన మనిషి. యాంకర్‌ని కూడా జైలుకి పంపితే, సుప్రీంకోర్టు నాలుగు రోజుల్లో విడుదల చేయమంది. ఈ రెండు అరెస్టుల మీదా నా స్నేహితుల్లో సగం మంది ఒకదానికి చప్పట్లు కొట్టారు, మిగతా సగం రెండోదానికి. అవతలి వాడి ఛానెల్ ఆగితే మిఠాయి పంచినట్టు పోస్టులు పెట్టిన వాళ్లని నేను మర్చిపోలేదు. మీలో కూడా ఉన్నారు. మీరు ఆనందంగా అలవాటు చేసిన ఆ ఫోనే ఇవాళ నీళ్ల గురించి మాట్లాడిన ఒక పంతులమ్మకి వచ్చింది.

పత్రికలే పోరాడాలి కదా అంటారు. మా బాబాయ్ పదిహేడేళ్లు ఒక పత్రికకి మండల విలేకరిగా చేశాడు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్తని కొలిచి డబ్బులిచ్చే పద్ధతి. నెల జీతం లేదు, సంక్రాంతికి, ఉగాదికి యాడ్స్ టార్గెట్ మాత్రం ఉండేది. రాత్రిళ్లు తిరిగే ఇసుక లారీల మీద ఒక వార్త రాశాడు, జిల్లా పేజీలో ఫొటోతో వచ్చింది. రెండో రోజు రాసింది రాలేదు. మూడో రోజు డెస్క్ నుంచి ఫోన్, "ఆ వార్త ఇక వద్దండీ, పైనుంచి చెప్పారు" అని. నెల తిరక్కుండా ఇక వార్తలు పంపొద్దన్నారు. ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రిడిటేషన్ కార్డు మళ్లీ రాలేదు. ఉద్యోగం తీసేశారు అని కేసు వేయడానికి కూడా లేదు, ఇచ్చినప్పుడు కాగితం ఇస్తే కదా! ఇప్పుడు బాబాయ్ జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాడు. ఊళ్లో చెరువు కబ్జా అయినా, హాస్టల్లో పిల్లలు వాంతులు చేసుకున్నా జనం ఇంకా ఆయన దగ్గరికే వచ్చి చెప్తారు, ఆయన విని పంపించేస్తాడు. మా బాబాయ్‌ని ఆపింది ప్రభుత్వం కాదు, పత్రికే. పత్రికా స్వేచ్ఛా దినమని మే 3న పేజీ నిండా రాసే పత్రిక. నేను దాన్ని ఈ జన్మలో క్షమించను.

రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల 2025 పత్రికా స్వేచ్ఛ జాబితాలో మన దేశం 180లో 151. ఆ అంకె తప్పని టీవీల్లో గంటలు గంటలు వాదిస్తారు. వాదించుకోండి. రెండొందల మంది ఉన్న కాలనీ గ్రూపులో ఇప్పుడు ఒక్కరికే మాట్లాడే హక్కు ఉంది, దాని సంగతి చెప్పండి చాలు.

అమ్మ భయపడి ఆ వీడియో ఫోన్లోంచి కూడా తీసేసింది. కానీ తీసిన రోజే నాకు పంపింది, నా దగ్గర ఉంది. ఇందాక ఫోన్ చేసి, పెట్టనా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ పేరు మీద పెట్టు, నా గొంతు మాత్రం తీసెయ్యకు" అంది.

కింద పెట్టాను. తీసేయమనే వాళ్లు అమ్మకి కాకుండా నాకు చెప్పండి, రాతపూర్వకంగా, సంతకంతో. మా వార్డు వాళ్లెవరైనా ఇది చూస్తుంటే, ఇవాళ సాయంత్రం కూడా నీళ్లు అలాగే వచ్చాయట, పిల్లలకి కాచి వడకట్టి ఇవ్వండి.