పసుపు మరక ఎర్రబడితే సబ్బుది తప్పు కాదు

మా పాపకి పప్పన్నం మొదలుపెట్టిన వారంలోనే ఒక తెల్ల గౌను చేజారిపోయిందనుకున్నాం. ఛాతీ దగ్గర లేత పసుపు మరక, పెద్దదేం కాదు. బార్ సబ్బు తీసుకుని గట్టిగా రుద్దాను, చూస్తుండగానే అది ఇటుక రంగుకి తిరిగింది. సబ్బులో ఏదో కల్తీ ఉందని నేను షాపువాణ్ని తిట్టుకుంటుంటే, గుంటూరు నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్య నవ్వి, "పసుపులో సున్నం పడితే ఎర్రబడదా అల్లుడుగారూ, రోజూ పాపకి దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా కలుపుతున్నాననుకున్నారు?" అన్నారు.

ఆవిడ చెప్పింది అచ్చంగా కెమిస్ట్రీనే. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్‌కి సున్నం లాంటి క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది, పారాణి ఎర్రబడేదీ అందుకే. సబ్బూ క్షారమే. నీళ్లలో బాగా జాడిస్తే మళ్లీ పసుపులోకి వచ్చేస్తుంది, అంటే మరక పెరగనూ లేదు, పోనూ లేదు. కానీ ఆ ఎరుపు చూసి కంగారుపడి నేను ఆ సాయంత్రమే బెసెంట్ రోడ్డుకి వెళ్లి, పిల్లల బొమ్మ ఉన్న సీసా ఒకటి, అది పనిచేయకపోతే ఉంటుందని ఇంకొకటి కొనుక్కొచ్చాను. ఏ మరకో చూసుకోకుండా అన్నిటికీ ఒకే మందు పోయడం, తగ్గకపోతే ఇంకాస్త ఖరీదైన మందు పోయడం, పసిపిల్లలున్న ఇళ్లలో డబ్బులు కారిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం.

అసలు డబ్బే ఖర్చు కాని తప్పు ఒకటుంది, అన్నిటికన్నా ఎక్కువ బట్టలు పాడు చేసేది అదే. వేడినీళ్లు. పసిబిడ్డ బట్టలు కదా, క్రిములు చస్తాయి, మరకా వదులుతుంది అని నేను గీజర్ నీళ్లు పట్టి పాలు కక్కిన జుబ్బాలు, దొడ్డికి వెళ్లిన లంగోటాలు అన్నీ అందులో ముంచేవాణ్ని. పాలు, దొడ్డి, రక్తం, గుడ్డు, వీటన్నిటిలో ప్రోటీన్ ఉంటుంది, వేడి తగిలితే కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టే అది కూడా నూలు పోగుల మధ్యే గట్టిపడి కూర్చుంటుంది. ఉడికిన గుడ్డుని మళ్లీ పచ్చిగుడ్డు చేయలేం కదా, ఆ జుబ్బాల మీద పచ్చని మ్యాపులు అలాగే ఉండిపోయాయి. ముందు గట్టిగా ఉన్నదంతా గీకేసి, బట్టని తిరగేసి, మరక వెనకవైపు నుంచి చల్లని కుళాయి ధార పడనివ్వాలి. మరక పూర్తిగా పోయాక క్రిముల కోసం వేడినీళ్లు పోసుకోండి, ఎవరూ వద్దనరు. మే నెలలో బెజవాడలో చల్లని కుళాయి ధార ఎక్కడుంది అంటారేమో, నిజమే, మధ్యాహ్నం ట్యాంకు నీళ్లకి చెయ్యి కాలుతుంది. అందుకే మేం పొద్దున్నే ఒక బకెట్ పట్టి పక్కన పెట్టుకుంటాం.

ఆ తర్వాత నానబెట్టడం. డిటర్జెంట్ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఎంజైమ్ అనే మాట ఉందా లేదా చూడండి, ముందువైపు బొమ్మ చూడకండి. ప్రోటీన్‌ని ముక్కలు చేసేది ప్రోటియేజ్, ఉగ్గు, రాగిజావ లాంటి పిండి మరకల్ని అమైలేజ్, నూనెల్ని లైపేజ్. ఇవి పనిచేయడానికి టైం పడుతుంది, మెషీన్‌లో పావుగంట క్విక్ వాష్ తిప్పి పోలేదంటే వాటి తప్పు కాదు. గోరువెచ్చని నీళ్లలో గంటో రెండు గంటలో వదిలేయాలి. నేను కొన్న బొమ్మ సీసా వెనక ఆ మాటే లేదు, పదిరూపాయల మామూలు ప్యాకెట్ మీద ఉంది! పిల్లకి చర్మం ఎర్రబడే రకమైతే సువాసన లేనిది కొనడం న్యాయమే, ఏది వాడినా రెండుసార్లు జాడించాల్సిందే. ఒక్క జాగ్రత్త, పట్టుపావడాని మాత్రం ఎంజైమ్ ఉన్న పొడిలో ముంచకండి. పట్టు కూడా ప్రోటీనే, అది మరకనీ పట్టునీ వేరు చేసి చూడదు.

నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు వస్తే బార్ సబ్బు నురగ రాక, విరిగిన పాలలా తెల్లగా తేలి, ఆ జిడ్డే బట్టకి పట్టి, నాలుగు ఉతుకులకి తెల్ల లంగోటా బూడిద రంగుకి వస్తుంది. మరక కాదది, నీళ్లలో కాల్షియం. బకెట్‌లో ఒక చెంచా బట్టల సోడా కలిపితే చాలావరకు తగ్గుతుంది, లేదా కృష్ణ నీళ్లు వచ్చే టైంలో ఉతకడం.

ఇక వీడియోల్లో చూపించే తినేసోడా, వెనిగర్ కలిపిన బుసబుస. చూడ్డానికి బాగుంటుంది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని గ్యాసూ ఉప్పునీళ్లూ మిగులుతాయి.

ఐరన్ సిరప్ మరక గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ పట్టించే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఏ పిల్లా దాన్ని బుద్ధిగా మింగదు. గడ్డం కింద కారి ముదురు గోధుమ రంగు చారలు పడతాయి, తుప్పు లాంటిదే అది. దాని మీద బ్లీచింగ్ పోశారా, ఇంకా ముదురుతుంది. నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి, ఎండలో కాసేపు పెట్టి జాడించాలి, ఒకటికి రెండుసార్లు చేయాల్సి రావచ్చు. రంగు బట్టయితే ముందు లోపలి మడతలో ఒక చుక్క వేసి చూసుకోండి.

ఎండ అన్నాను కదా, మా గౌను బాగుపడింది దాంతోనే. కర్కుమిన్‌కి ఎండ పడదు, క్యారెట్ గుజ్జు రంగుకీ అంతే. తడి గౌనుని మరక పైకి వచ్చేలా డాబా మీద ఆరేస్తే మూడో రోజుకి జాడ లేదు. ఊరిని బ్లేజ్‌వాడ అని వెక్కిరిస్తారు గానీ, ఇంత మంచి బ్లీచింగ్ ఊరికే దొరుకుతోంది.

పెద్ద పిల్లల బట్టలు దాచి చిన్నవాళ్లకి వేయడం మనకి మామూలే. దాచినప్పుడు తెల్లగా ఉన్న చొక్కా ఏడాది తర్వాత బీరువాలోంచి తీస్తే పచ్చగా ఉంటుంది, ఎందుకంటే సరిగా వదలని పాలు, ఒంటికి రాసిన నూనె గాలి తగిలి మెల్లగా రంగు తేలతాయి. ఆక్సిజన్ బ్లీచ్ పొడిలో (క్లోరిన్ లేని రకం) నానబెడితే చాలావరకు వదులుతుంది. కానీ ఆ బీరువాలో కలరా ఉండలు వేసి ఉంటే మరక తర్వాత చూద్దురుగాని. జీ6పీడీ, అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్, లోపం ఉన్న పసికందులకి ఆ వాసనతోనే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరిన సందర్భాలున్నాయి, లోపం ఉందో లేదో మనకి ముందు తెలియదు. మా ఇంట్లో ఇప్పుడు ఎండు వేపాకు, అంతే.

నాకు లొంగనిది కాటుక. అది ఆముదంలో కలిసిన మసి, అంటే బొగ్గు, బొగ్గుకి బ్లీచింగూ లేదు ఎండా లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ రాసి రుద్దితే నూనె పోయి కొంత మసి దాంతో వస్తుంది, మిగతాది నీడలా ఉండిపోతుంది. కంట్లో పెట్టొద్దని డాక్టర్ చెప్పాక అత్తయ్య బుగ్గ మీద చుక్కకి దిగారు, ఇప్పుడది పాప బట్టలకన్నా నా చొక్కా భుజాలకే ఎక్కువ అంటుతోంది.