పక్క పొలానికి పరిహారం ఎవరిస్తారు?

రాజురా, కోర్పనా వైపు పొలం బేరానికి వచ్చినవాళ్లు ముందు నీళ్ల సంగతి అడుగుతారు. బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది, నీళ్లు తాగొచ్చా? మధ్యవర్తి మోటారు వేయిస్తాడు. కొనేవాళ్లు దోసిట్లో పట్టి ఒక గుక్క తాగి చూస్తారు. పొలం ఎవరిదో చెప్పే సాత్‌బారా కాగితాలు ఆ తర్వాతే బయటికొస్తాయి. మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాళ్ జిల్లాల్లో పత్తి, సోయా పండించుకుంటున్న తెలుగు రైతులకు ఇది చెప్పనక్కర్లేని విషయం. నేల లోపలి రాయిని పగలగొట్టి గ్యాస్ తీసే ఫ్రాకింగ్ వల్ల భూముల ధరలు ఏమవుతాయన్న ప్రశ్నకు అమెరికాలో దొరికిన జవాబు కూడా నీళ్ల దగ్గరే ఉంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో, షేల్ అనే రాతిపొర నుంచి ఇలా గ్యాస్ తీసే బావుల దగ్గర జరిగిన ఇళ్ల అమ్మకాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. గ్యాస్ బావికి దగ్గరగా ఉండి, సొంత బావి నీళ్ల మీద బతికే ఇళ్ల ధరలు గట్టిగా పడిపోయాయి. అంతే దూరంలో ఉండి కుళాయి నీళ్లు వచ్చే ఇళ్ల ధరలు పడలేదు సరికదా, కొద్దిగా పెరిగాయి. లారీల రద్దీ, దుమ్ము, రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్లు రెండు రకాల ఇళ్లకూ ఉన్నవే. ధరల్లో తేడా తెచ్చింది తాగేనీళ్ల మీద భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఫ్రాకింగ్‌లో నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో లోతైన రాతిపొరలోకి కొడతారు. రాయి పగిలి, సందుల్లోంచి గ్యాస్ బయటికొస్తుంది. అంత లోతు నుంచి రసాయనాలు పైకి ఎగబాకి బోర్లలో కలవడం అరుదు. బావి చుట్టూ వేసిన సిమెంటు, ఇనుప కేసింగ్ సరిగా లేకపోతేనూ, వాడేసిన నీళ్లు పైన ఒలికిపోతేనూ ఎక్కువగా చెరుపు జరుగుతుంది. పెన్సిల్వేనియాలోని డిమాక్ అనే పల్లెలో 2009 జనవరి 1న ఒక ఇంటి నీళ్ల బావి మీథేన్ అనే మండే గ్యాస్ చేరి పేలిపోయింది. అక్కడ డ్రిల్లింగ్ చేసిన కంపెనీ మీద నేరాభియోగాల కేసు 2022 నవంబరులో గానీ తేలలేదు. ఊరికి కొత్త మంచినీళ్ల పైపులైన్ వేయడానికి డబ్బు కట్టేందుకు కంపెనీ అప్పుడు ఒప్పుకుంది. పదమూడేళ్లకు పైగా నీళ్లు లేని ఇంటిని అమ్ముకోవాలంటే ఎవరు కొంటారు?

ఇక్కడ ఫ్రాకింగ్ లేదు కదా, మనకెందుకు ఈ టెన్షన్ అనొచ్చు. మన కింద ఉన్నది బొగ్గు. వార్ధా లోయలోని పొరలు, అవతల సింగరేణి తవ్వుతున్న పొరలు ఒకే గోండ్వానా పట్టీలోవి. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది. దాన్ని తీయడానికి కేంద్రం 1997లోనే విధానం ప్రకటించింది. బెంగాల్‌లోని రాణిగంజ్‌లో, మధ్యప్రదేశ్‌లోని షహడోల్ వైపు ఈ గ్యాస్ వాణిజ్యపరంగా తీస్తూనే ఉన్నారు. ఈ పద్ధతిలో బావులు షేల్ బావుల కంటే తక్కువ లోతు. పొరను పగలగొట్టడం చాలాచోట్ల ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, గ్యాస్ రావాలంటే ముందు బొగ్గు పొరలోని నీళ్లను నెలల తరబడి తోడిపారేయాలి. నీళ్లు అడుగంటే ఎండాకాలం ఉన్న తాలూకాల్లో ఆ మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది.

బొగ్గుకు దేశంలో గిరాకీ తగ్గాలని, గ్యాస్ దానికంటే శుభ్రమైన ఇంధనమని నేనూ నమ్ముతాను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టిన చంద్రపూర్‌లో ఉండేవాళ్లకు ఎవరూ వచ్చి ఆ సంగతి బోధించనక్కర్లేదు. కానీ లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి పోయే ఏర్పాటును ఆ పేరు చెప్పి దాటేయకూడదు.

అమెరికాలో చాలామంది రైతులకు నేల కింది ఖనిజం మీద కూడా హక్కు ఉంటుంది. కంపెనీ లీజు డబ్బు ఇస్తుంది, గ్యాస్ అమ్మినంతకాలం అందులో వాటాగా రాయల్టీ ఇస్తుంది. కుళాయి నీళ్లున్న ఇళ్ల ధరలు పెరగడం వెనక ఉన్నది ఆ రాయల్టీ ఆశే. మన దగ్గర నేల మీద తీసే గ్యాస్ రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. పైగా మనకు కుళాయి ఉన్నా దాని వెనక ఉండేది చాలా ఊళ్లలో ఆ ఊరి బోరే. అంటే అమెరికాలో లాభపడ్డ ఇళ్లలాంటివి ఇక్కడ దాదాపు ఉండవు, నష్టపోయినవాళ్లలాంటివాళ్లే ఊరంతా ఉంటారు. బొగ్గు, సున్నపురాయి తవ్వే జిల్లాల్లో 2015 నుంచి, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి అని ఒకటుంది. ఆ డబ్బు ఎలా ఖర్చవుతోందన్నది వేరే గొడవ. ఆ నిధి గనుల చట్టం కింద పుట్టింది, గ్యాస్, చమురు ఆ చట్టం పరిధిలోకే రావు. కాబట్టి గ్యాస్ బావి పక్క ఊరికి ఆ పాటి ఆసరా కూడా లేదు.

నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని ఊరినే మింగేస్తుంది. అయితే ఊరు పోతే పరిహారం ఉంటుంది, కోల్ ఇండియా విధానం ప్రకారం రెండెకరాలకు ఒక ఉద్యోగం ఉంటుంది, పునరావాసం కోసం కొట్లాడటానికి ఒక దారి ఉంటుంది. గ్యాస్ బావికి కొద్ది ఎకరాలు చాలు. ఆ ఎకరాల యజమానికి డబ్బు ముడుతుంది. ఊరు అలాగే ఉంటుంది. పక్క పొలం, దాని పక్క పొలం, ఎదురుగా ఉన్న పెంకుటిల్లు అన్నీ ఉంటాయి, వాటికి వచ్చే బేరం మాత్రం ఉండదు. మన చట్టాల్లో ఎక్కడా ఈ పక్కవాడికి పేరు లేదు. 2013 భూసేకరణ చట్టం ధర కట్టేది గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లను చూసో, స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టిన రేటును చూసో. సర్వే జెండాలు పాతిన నాటి నుంచి కొనేవాళ్లు రావడం మానేస్తే, రిజిస్ట్రేషన్లు ఎక్కడివి? రేపెప్పుడో అదే పొలాన్ని పైపులైన్‌కో రోడ్డుకో తీసుకుంటే, పడిపోయిన ధరే లెక్కలోకి వస్తుంది. ఆడపిల్ల పెళ్లికి రెండెకరాలు అమ్ముదామనుకున్న కుటుంబానికి ఇది పెద్ద దెబ్బ.

గనుల దగ్గర ఉన్న ఊళ్లలో ఇంకొకటి చూస్తుంటాం. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గోడ మీద నెర్రె కాస్త పొడుగవుతుంది. ఇంటాయన ఫిర్యాదు చేస్తాడు. వచ్చినవాళ్లు గోడను తట్టి, ఇది మట్టి గోడ, పాతది, పునాది తక్కువ అని రాసుకుని వెళతారు. నెర్రె బ్లాస్టింగ్ వల్లే వచ్చిందని నిరూపించాల్సింది ఇంటాయనే. 2022 ఆగస్టులో చంద్రపూర్ జిల్లా ఘుగ్ఘూస్‌లో పాత భూగర్భ గని ఉన్న చోట ఒక ఇల్లు నిలువునా నేలలోకి దిగిపోతే గానీ చుట్టుపక్కల కుటుంబాలను ఖాళీ చేయించాలని ఎవరికీ తోచలేదు.

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అనే గ్యాస్ ప్రాంతం ఉంది. అక్కడ జరిగింది ఫ్రాకింగ్ కాదు, మామూలు గ్యాస్ తవ్వకమే. దానివల్ల భూకంపాలు వచ్చాయి. 2012లో హౌజింగెలో 3.6 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత జనం తిరగబడ్డారు. ఆ దేశం రెండు పనులు చేసింది. ఇంటికి వచ్చిన దెబ్బ గ్యాస్ తవ్వకం వల్ల వచ్చే రకానిదైతే, కాదని నిరూపించే బాధ్యత తవ్వేవాళ్ల మీద పెట్టింది. ఇంటి విలువ తగ్గినందుకు వేరుగా పరిహారం ఇస్తోంది, దానికోసం ఇల్లు అమ్మి చూపించనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో బొగ్గు పొరల గ్యాస్ తీసే కంపెనీలు తమ వల్ల రైతు బోరు దెబ్బతింటే కొత్త బోరు వేసో, వేరే నీళ్లు ఇచ్చో, డబ్బు కట్టో సరిచేయాలని చట్టమే ఉంది. తవ్వకానికి ముందే చుట్టుపక్కల బోర్ల స్థితిని కొలిచి రాసిపెట్టాలి కూడా. ఇవేవీ ధనిక దేశాలకే సాధ్యమయ్యే పనులు కావు. రెండు వాక్యాల సవరణ, ఒక నీళ్ల పరీక్ష, అంతే.

మన దగ్గర దారి దీనికి విరుద్ధంగా పోతోంది. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణ బావులకు పర్యావరణ అనుమతుల్లో మెట్టు తగ్గించింది. ఆ దశలో ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఊళ్లోకి మొదటి రిగ్గు వచ్చేసరికి గ్రామసభకు తెలిసేది లారీ శబ్దం ద్వారానే కావొచ్చు. భూముల ధరలు పడేదీ సరిగ్గా ఆ దశలోనే.

నీళ్ల పరీక్షను నేను ఇంతగా పట్టుకోవడానికి స్థానిక కారణం ఉంది. ఈ రెండు జిల్లాల్లో చాలా ఊళ్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ముందే ఉంది. రేపు బోరు నీళ్లు పాడైతే, మీ నీళ్లు ఎప్పుడూ ఇంతే అని కంపెనీ ఒక్క మాటతో తేల్చేయగలదు. పాత కాగితం చేతిలో లేని రైతు దానికి బదులు చెప్పలేడు. మహారాష్ట్రలో భూజల సర్వేక్షణ విభాగం ఉంది, పరిశీలన బావులు ఉన్నాయి. ఏ సర్వేకైనా అనుమతి ఇచ్చే ముందు ఆ పరిధిలోని ప్రతి బోరు లోతు, నీటి మట్టం, మీథేన్, ఉప్పదనం, ఫ్లోరైడ్ ఆ విభాగమే కొలవాలి. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. ఫలితాల ఒక నకలు గ్రామ పంచాయతీ రికార్డులో, ఒకటి బోరు యజమాని ఇంట్లో ఉండాలి. రాజురా, సిరోంచా వైపు ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది మరాఠీ మాట్లాడతారు గానీ సర్కారీ మరాఠీ కాగితం చదవలేరు, వాళ్లకు అది తెలుగులో కూడా ఇవ్వాలి.