నన్ను ఊరు దాటించిన ఓటర్ల జాబితా గారికి

మహారాజశ్రీ ఓటర్ల జాబితా గారి సముఖానికి,

తమరు క్షేమమేనని తెలుసు. నిన్న మధ్యాహ్నమంతా మండలాఫీసులో తమరి ఎదురుగానే నిలబడ్డాను కదా. నేను కూడా క్షేమమే. ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, తమరి లెక్కలో నేను ఊళ్లోనే లేనంట. వెళ్లిపోయానంట. యాడికి పోయానో అది మాత్రం తమరు రాయలేదు, రాసుంటే నేనే పోయి నన్ను వెనక్కి తీసుకొచ్చుకునేదాన్ని.

ఈ కబురు నాకు చెప్పింది తమరు కాదు, ఆఫీసు కాదు, ఒక పార్టీ బూత్ ఏజెంటు. పంచాయతీ ఎన్నికలు రేపో మాపో అనగానే ఫోన్లో జాబితా పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడులే, మా గేటు దగ్గర నిలబడి "అక్కా, నీ ఓటు ఎగిరిపోయింది, చూసుకున్నావా?" అన్నాడు. అని ఊరుకోలేదు, మా ఇంటి లెక్క నాలుగు కొట్టేసి మూడు రాసుకుని పక్కింటికి పోయాడు. ప్రతి ఎన్నికలకూ వచ్చి అరగంట కబుర్లు చెప్పి టీ తాగిపోయే మనిషి, ఈసారి మంచినీళ్లు కూడా అడగలేదు.

ఆ మూడు ఓట్లూ ఎవరివో చెబుతాను, తమరూ వినండి. ఒకటి మా ఆయనది, సరే, ఒప్పుకుంటా. రెండోది మా పెద్దోడిది, వాడు బెంగళూరు పోయి ఏళ్లయింది, పండక్కి తప్ప గడప తొక్కడు. మూడోది మా అత్తగారిది. ఆమె కరోనా రెండో వేవ్‌లో పోయారు. డెత్ సర్టిఫికెట్ తీసుకున్నాం, పింఛను ఆ నెలే ఆపేశారు, రేషన్ కార్డులో పేరు తీసేశారు. తమరి పేజీలో మాత్రం ముక్కుపుడకతో, నుదుటన పెద్ద బొట్టుతో, ఎవరో పిలిస్తే విసుగ్గా తలెత్తినట్టు అలాగే ఉన్నారు. పక్క గడి నాది. దాని మీద అడ్డంగా తొలగింపు ముద్ర, ముందర 'ఎస్' అని ఒక అక్షరం. ఎస్ అంటే షిఫ్టెడ్ అట. ఆ మహాతల్లి బతికున్నన్నాళ్లూ ఈ ఇంట్లో నా మాట చెల్లనివ్వలేదు, పోయాక కూడా ఆమె ఓటే చెల్లుతోంది. 2024 నుంచి 85 ఏళ్లు దాటినవాళ్లు అడిగితే ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటున్నారు కదా, వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు ఆమె కోసం వస్తే దండేసిన ఫోటో చూపిస్తాను, దాని ముందు పెట్టుకోండి డబ్బా.

అసలు నేను షిఫ్టయ్యింది జీవితంలో ఒక్కసారే, పెళ్లయి వింజమూరు వైపు నుంచి ఆత్మకూరు దగ్గరున్న ఈ ఊరికి వచ్చినప్పుడు. అప్పుడు మాత్రం తమరు నన్ను అంగుళం కదల్చలేదు. పుట్టింట్లో మా నాన్న పేరు కింద ఎన్నో ఎన్నికల దాకా ఉన్నాను, ఇక్కడ ఎక్కడానికి నానా తిప్పలు పడ్డాను. ఆడదాని విషయంలో తమరి న్యాయమే అంత, వదిలొచ్చిన ఇంట్లో పెట్టుకుంటారు, ఉన్న ఇంట్లోంచి తోసేస్తారు.

ఆఫీసులో కుర్రాడు మర్యాదస్తుడే. "సిస్టంలో మీరు లేరు మేడం" అన్నాడు. ఎదురుగా ఉన్నాను కదయ్యా అంటే, "ఎదురుగా ఉంటే లాభం లేదు, సిస్టంలో ఉండాలి" అన్నాడు. ఎవరు తీయమన్నారు అంటే తెలియదు. 2019 ఎన్నికల ముందు పేర్లు తీసేయమని ఫారం-7లు లక్షల్లో వచ్చిపడ్డాయి, పెట్టినట్టు పేరున్నవాళ్లే మేము పెట్టలేదని మొత్తుకున్నారు, అట్లాంటిదేమైనా జరిగిందా అంటే అదీ తెలియదు. ఊళ్లో ఉండటం లేదని పేరు కొట్టేసే ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది. ఆ ముక్క అడిగితే నోటీసు పంపాం అన్నాడు. నాకు రాలేదయ్యా అన్నాను. "మీరు ఇంట్లో లేరు కదా మేడం, అందుకే అంది ఉండదు" అన్నాడు. అంటే ఏంది, నేను లేనందుకు నోటీసు అందలేదు, నోటీసుకు జవాబివ్వనందుకు నేను లేను! ఈ చక్రంలోంచి బయటపడాలంటే ఒకటే దారంట, ఫారం-6 పెట్టుకోవాలంట. అది కొత్త ఓటర్ల ఫారం. నాకు 47 ఏళ్లు. జనవరి 25న ఓటర్ల దినోత్సవం చేసి కొత్త ఓటర్లకు బ్యాడ్జీలు పెడతారే, ఆ ఇంటర్ పిల్లల వరసలో నన్ను కూడా నిలబెడితే మా ఇంటాయన ఫోటో తీస్తాడు.

అడ్రస్ రుజువు కావాలన్నారు. కరెంటు బిల్లు మా ఆయన పేరు మీద, పొలం పాస్‌బుక్ మా మామగారి పేరు మీద. ఇరవై అయిదేళ్లుగా ఆ కరెంటు బిల్లు కడుతోంది, ఆ గ్యాస్ బండ దించుకుంటోంది ఎవరో అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఆధార్ ఉంది కాబట్టి గట్టెక్కాను. ఆపైన ఓటీపీ వచ్చింది, సర్వర్ రాలేదు. పోనీలే, దాని సంగతి అందరికీ తెలిసిందే.

మా అక్క కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. రాత్రి ఫోన్ చేసి ఈ రామాయణమంతా చెబితే నవ్వింది. వాళ్లకు పోలింగ్ శనివారం పెడతారంట, ఎవరి పనీ చెడకుండా. బడి ఆవరణలో ఓటేసి బయటికొస్తే బ్రెడ్డులో సాసేజ్ పెట్టి అమ్ముతారంట, తింటూ ఇంటికి పోతారంట. 1924 నుంచే అక్కడ ఓటు తప్పనిసరి. వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో చెప్పమని ఉత్తరం వస్తుంది, సరైన కారణం లేకపోతే ఇరవై డాలర్లు కట్టాలి. వెయ్యకపోతే జరిమానా అక్కడ. వేస్తానమ్మా అని పోతే జరిమానా ఇక్కడ, నిన్న నాకు ఆటో ఛార్జీలు, జిరాక్సులు, ఒక పూట పని అన్నీ పోయాయి. స్వీడన్ వాళ్లయితే ఓటరుగా నమోదు చేసుకోవడమే ఎరగరు, జనాభా రిజిస్టర్ చూసుకుని ప్రభుత్వమే కార్డు ఇంటికి పంపుతుంది. ఎస్తోనియాలో 2005 నుంచి ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఓటేస్తున్నారు.

అయినా అంత దూరం ఎందుకులే. అరుణాచల్ ప్రదేశ్‌లో మాలోగాం అని ఒక చోటు ఉంది, ఆ బూత్‌కు ఒకే ఒక్క ఓటరు, ఆమె కూడా ఆడమనిషే. ఆ ఒక్క ఓటు కోసం 2019లోనూ, 2024లోనూ అధికారులు మెషీన్ మోసుకుంటూ కొండలెక్కి పోయారు. గుజరాత్ గిర్ అడవిలో బానేజ్ దగ్గర ఒక్క పూజారి కోసం బూత్ పెడుతూ వచ్చారు. టీవీలో చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు, ఎంత గొప్ప దేశమబ్బా అనుకున్నాను. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదని రూలు పెట్టుకున్న దేశం ఇది. మా బూత్ మా వీధి చివర బళ్లో, వంటింటి కిటికీలోంచి వరస ఎంతుందో కనపడుతుంది. కొండెక్కి ఆమెను వెతుక్కుంటూ పోయినవాళ్లకు, వీధి చివర నుంచి నేను కనపడలేదా?

మా పెద్దోడు 2024 మే 13న ఓటెయ్యడానికి బెంగళూరు నుంచి బస్సులో డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చాడు, టికెట్టు మామూలు రేటు మీద ఎంతైందో అడగొద్దు. రాష్ట్రంలో 80 శాతం దాటింది పోలింగ్ అని టీవీల్లో పొగిడారే, ఆ శాతం ఇట్లా వచ్చింది, రాత్రంతా వెన్ను విరుచుకుని. వలసపోయినవాళ్లు ఉన్నచోటే ఓటెయ్యడానికి 72 నియోజకవర్గాలకు పనికొచ్చే మెషీన్ చేశామని 2023 జనవరిలో పార్టీలను పిలిచారు, పార్టీలు కాదూ కూడదన్నాయి, అది అంతటితో ఆగింది. వాడి సంగతి వాడు చూసుకుంటాడు, వాడి పేరైనా ఉంది నీలో.

అవును, నీలో. తమరూ గిమరూ ఇంక నావల్ల కాదు. వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు నీలో, చచ్చిపోయినవాళ్లు ఉన్నారు, చెన్నైలో ఫ్లాట్ కొనుక్కుని అక్కడా ఇక్కడా ఓటున్నవాళ్లు ఉన్నారు. రోజూ తెల్లారి లేచి ఈ ఇంటి ముందు కళ్లాపి చల్లేదాన్ని నేను, నన్ను లేదంటావా? ఏ ముఖం పెట్టుకుని అంటావు? తప్పు రాసింది నువ్వు, రుజువులు తేవాల్సింది నేను, పైగా "ఇదే అడ్రసులో ఉంటున్నాను, చెప్పింది అబద్ధమైతే శిక్షకు సిద్ధం" అని సంతకం కూడా నేనే పెట్టాలి. నేను లేనని రాసినవాడి చేత ఏ సంతకం పెట్టించుకున్నావు?

ఫారం పెట్టాను. విచారణకు మనిషి వస్తారంట, ఎప్పుడొస్తారో చెప్పరంట, ఆ వేళకు ఇంటికి తాళం కనపడితే మళ్లీ లేనట్టే రాసుకుంటారంట. మా చెల్లెలు కూతురి ఓణీల ఫంక్షన్ కావలిలో, రాలేనని చెప్పేశాను, అలిగింది, ఆ అలక నీ ఖాతాలోనే. తలుపు తీసే ఉంటుంది, ఎప్పుడైనా రమ్మను. కాఫీ ఇస్తాను. ఉందని నా ఎదురుగా రాసి, నాకు చూపించి మరీ కదలమను.

ఇట్లు,
కొత్త ఓటరు, వయసు 47,
ఇంటి నంబరు అదే