కాలేయంలో కనిపించిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు

కాలేయంలో గడ్డల గురించి చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్న సందేశంలో నాలుగు మాటలున్నాయి. స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తే అది క్యాన్సరే. స్కానింగ్‌లో రక్తప్రసరణ స్పష్టంగా కనిపించేందుకు వాడే కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు అది మెరిస్తే ఇక సందేహం అక్కర్లేదు. రక్తంలో ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌లో పెరగగల ఒక ప్రోటీన్) పరీక్ష చేయిస్తే సంగతి తేలిపోతుంది. ఏ గడ్డయినా సరే, ఆలస్యం చేయకుండా కోయించి తీయించుకోవాలి. ఈ నాలుగింటిలో ఏదీ నిలిచేది కాదు. వీటివల్ల కలిగే నష్టం భయంతో ఆగిపోదు: రెండో మాటను, నాలుగో మాటను నమ్మినవారు అవసరం లేని శస్త్రచికిత్సకు సిద్ధపడతారు, మూడో మాటను నమ్మినవారు నిజంగా క్యాన్సర్ ఉన్నప్పుడు విలువైన కాలాన్ని పోగొట్టుకుంటారు.

మొదటి మాట సంగతి. కాలేయంలో పుట్టే గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హెమాంజియోమా; ఇది రక్తనాళాలు గుంపుగా పెరగడం వల్ల ఏర్పడుతుంది, క్యాన్సర్‌గా మారదు. దాని తరువాతది ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా. ఎక్కువగా యౌవనంలోనూ నడివయసులోనూ ఉన్న స్త్రీలలో కనిపించే ఈ గడ్డ కూడా క్యాన్సర్‌గా మారదు. నీటితిత్తులు, ఒకచోట మాత్రమే పేరుకున్న కొవ్వు సైతం స్కానింగ్‌లో గడ్డలాగే కనిపించవచ్చు. కాబట్టి గడ్డ ఉన్నదా లేదా అన్నదాని కంటే ముందు అడగవలసింది, అది ఎవరి కాలేయంలో ఉన్నదని. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ చాలావరకు సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవారిలోనూ, దీర్ఘకాలంగా హెపటైటిస్ బి ఉన్నవారిలోనూ వస్తుంది. కాలేయం ఆరోగ్యంగా ఉండి, శరీరంలో మరెక్కడా క్యాన్సర్ లేని వ్యక్తికి ఇంకేదో కారణంతో తీసిన స్కానింగ్‌లో అనుకోకుండా కనిపించిన గడ్డ చాలా సందర్భాల్లో హానిలేనిదే అవుతుంది.

రెండో మాటలో కొంత నిజం కలిసి ఉన్నందువల్ల అదే ఎక్కువ మందిని తప్పుదారి పట్టిస్తున్నది, అందుకే దీన్ని వివరంగా చెప్పాలి. ఆరోగ్యవంతమైన కాలేయానికి చేరే రక్తంలో సుమారు 75 శాతం, పేగుల నుంచి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తుంది, మిగిలినది ధమని ద్వారా. సిర్రోసిస్‌లో ఒక గడ్డ క్రమంగా క్యాన్సర్‌గా మారే కొద్దీ దానికి పోర్టల్ రక్తం తగ్గిపోయి, కొత్త ధమనులు పుట్టుకొస్తాయి. అందువల్ల కాంట్రాస్ట్ మందు ధమనుల్లో ఉన్న తొలి దశలో అది చుట్టూ ఉన్న కాలేయం కంటే ఎక్కువగా మెరుస్తుంది, తరువాతి దశల్లో చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. సిర్రోసిస్ వంటి ముప్పు ఉన్న వ్యక్తిలో కనీసం 1 సెంటీమీటరు ఉన్న గడ్డ ఈ రెండు లక్షణాలనూ స్పష్టంగా చూపితే, ముక్క తీసి పరీక్షించకుండానే క్యాన్సర్ అని నిర్ధారించవచ్చు. తొలి మెరుపు ఒక్కటే అందుకు చాలదు. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా కూడా తొలి దశలో బలంగానే మెరుస్తుంది, కానీ తరువాత నల్లబడకుండా చుట్టూ ఉన్న కాలేయంతో కలిసిపోతుంది. హెమాంజియోమా సాధారణంగా అంచుల దగ్గర చుక్కలు చుక్కలుగా మెరిసి, నిమిషాల మీద లోపలికి నిండుతూ వస్తుంది. చిన్నవైతే ఒక్కసారిగా మెరిసి క్యాన్సర్‌ను తలపిస్తాయి. ఒకే దశలో తీసిన సీటీ ఈ తేడాలను చూపలేదు.

రెండు లక్షణాలూ ఉన్నా తొందరపడకూడని సందర్భం కూడా ఒకటుంది. కాలేయం నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు మూసుకుపోయే బడ్-కియారీ వ్యాధిలో, రక్తప్రసరణ తారుమారైన ఫలితంగా హానిలేని గడ్డలు అనేకం పుడతాయి, వాటిలో కొన్ని అచ్చం క్యాన్సర్ లాగే ప్రవర్తిస్తాయి. కాలేయ క్యాన్సర్ నిర్ధారణకు రేడియాలజిస్టులు పాటించే లై-రాడ్స్ పద్ధతిని ఇటువంటి రోగులకు వర్తింపజేయరు. రోగి చరిత్ర తెలియకుండా చిత్రాన్ని మాత్రమే చదివితే ఎంత పొరపాటు జరగగలదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మూడో మాట, ఏఎఫ్‌పీ. కాలేయ క్యాన్సర్ ఉన్న చాలామందిలో, ముఖ్యంగా గడ్డ చిన్నగా ఉన్నప్పుడు, ఇది మామూలుగానే ఉంటుంది. క్యాన్సర్ లేకపోయినా హెపటైటిస్ ఉద్ధృతమైనప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు పెరుగుతుంది. దీన్ని స్కానింగ్‌తో కలిపి చూడాలే గాని, దీని ఒక్కదానితో తీర్పు చెప్పరాదు.

ఇక శస్త్రచికిత్స. ఏ ఇబ్బందీ కలిగించని హెమాంజియోమాకు గాని, ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియాకు గాని చికిత్సే అక్కర్లేదు. హానిలేనివిగా లెక్కించే గడ్డల్లో నిజంగా జాగ్రత్త పడవలసినది అడినోమా. గర్భనిరోధక మాత్రలు, కండలు పెంచే స్టెరాయిడ్లు, ఊబకాయం దీనికి తోడ్పడతాయి. 5 సెంటీమీటర్లు దాటితే రక్తస్రావం జరిగే ప్రమాదమూ, క్యాన్సర్‌గా మారే ప్రమాదమూ పెరుగుతాయి. అయినా స్త్రీలలో సాధారణంగా ముందు మాత్రలు ఆపించి, బరువు తగ్గించి, 6 నెలల తరువాత మళ్ళీ ఎంఆర్‌ఐ తీసి చూస్తారు, ఎందుకంటే కొన్ని అడినోమాలు వాటంతట అవే కుదించుకుపోతాయి. అప్పటికీ 5 సెంటీమీటర్లకు తగ్గకపోయినా, పెరుగుతూ ఉన్నా తీసివేయమంటారు. పురుషులలోనూ, బీటా-కటెనిన్ జన్యువులో మార్పు ఉన్న అడినోమాలలోనూ క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువ కనుక, పరిమాణం ఎంతైనా శస్త్రచికిత్సనే సూచిస్తారు.